బ్రేక్ ఆయిల్ మార్చని కారులో దివిసీమకు

గుడివాడ నుంచి నాగాయలంక వెళ్ళడం చెప్పుకోదగ్గ యాత్రేమీ కాదు. పొద్దున బస్సెక్కి, బందరులో ఒకసారి, అవనిగడ్డలో ఒకసారి మారినా మధ్యాహ్నం భోజనానికి అందుకుంటారు. మేము సొంత కారులో బయలుదేరాం కాబట్టి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో మేము చూసినవి బస్సులో వెళ్ళేవాళ్ళకు కనిపించవు. అందుకే రాస్తున్నాను.

గుడివాడ

ముందు మా గురించి చెప్పాలి. నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఏడేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. మా వారు ఇమ్మానియేలు గారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి నిరుడు రిటైరయ్యారు. ఊళ్ళో అందరికీ ఆయన మాస్టారే. మా చర్చి సంఘంలో పెద్ద. డ్రైవింగ్ రాదు. అయితే నేను నడుపుతున్నంతసేపూ పక్క సీట్లో కూర్చుని ఎప్పుడు గేరు మార్చాలో, ఎప్పుడు హారన్ కొట్టాలో చెబుతూనే ఉంటారు. నేర్చుకోవచ్చు కదా అంటే, "ఇద్దరూ నడిపితే చెప్పేవాళ్ళు ఎవరు?" అంటారు.

కారుకు పందొమ్మిదేళ్ళు. దాన్ని మేము ఎంత బాగా చూసుకుంటామో వీధి వీధంతా చెబుతుంది. వారానికోసారి కడుగుతాం. సీట్లకు కుట్టించిన తొడుగులున్నాయి. వెనక అద్దం మీద బైబిలు వాక్యం రాయించాం. బానెట్ కింద ఏముందో మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు.

ప్రతి ఏడూ క్లాసులో పాస్కల్ సూత్రం చెబుతాను. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా చేరుతుందని చెప్పి, బోర్డు మీద కారు బ్రేకు బొమ్మ వేస్తాను. పెడల్ నొక్కితే గొట్టాల్లోని ద్రవం ఆ నొక్కుడును నాలుగు చక్రాలకూ మోసుకెళ్తుంది. బొమ్మ చాలా బాగా వస్తుంది. ఆ ద్రవం గాల్లోని తేమను పీల్చుకుంటుందని, రెండేళ్ళకోసారి మార్చాలని మా పుస్తకంలో లేదు. పరీక్షలోనూ రాదు. కాబట్టి నేను మార్చలేదు. కిందటి సర్వీసుకు మెకానిక్ గుర్తు చేశాడు. "ఆయిలంటే ఆవిరైపోతుందా? గీత దాకా ఉందిగా!" అని మా వారు అతని నోరు మూయించారు. నేను ఆ పక్కనే నిలబడి తలూపాను.

నాగాయలంకలో మా పిన్ని సువార్తమ్మ ఉంటుంది. మా అమ్మకు చెల్లెలు, అవనిగడ్డ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. డెబ్భై నిండినందుకు ఆదివారం వాళ్ళ చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకుంది. "రెండు రోజులు ముందే రండి. నన్ను హంసలదీవి తీసుకెళ్ళాలి. ఇక్కడే ఉండి నదీ సముద్రం కలిసేచోటు చూసి పదేళ్ళయింది," అని ఫోన్ చేసింది. గురువారం పొద్దున పెసరట్టు ఉప్మా తిని బయలుదేరాం.

గుడ్లవల్లేరు దగ్గర డాష్‌బోర్డు మీద చిన్న ఎర్రదీపం వెలిగింది.

"హ్యాండ్ బ్రేకు వేసి నడుపుతున్నావేమో చూడు," అన్నారు మా వారు.

"దించే ఉందండీ."

"అయితే దీపం పాడై ఉంటుంది."

మా ఇంట్లో అంతే. గ్యాసు వాసన వస్తే ముక్కుకు జలుబు చేసినట్టు, కరెంటు మీటరు ఎక్కువ తిరిగితే మీటరుకు జబ్బు చేసినట్టు.

పెడన

పిన్నికి కలంకారీ దుప్పటి కొందామని పెడనలో ఆగాం. పెద్ద రోడ్డు నుంచి లోపలికి రెండు సందులు తిరిగితే వెంకటస్వామి గారి అద్దకాల పాక. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో ముంచి, చూడకుండానే సరిగ్గా మొదటి పువ్వు పక్కన రెండో పువ్వు వేస్తున్నారు. గుప్పెటతో ఒక్క గుద్దు, మళ్ళీ ముంచడం.

మా ఊరు అడిగి తెలుసుకుని, "గుడివాడ వాళ్ళు ధర ముందు అడుగుతారండీ. మీరు అడగలేదేంటి?" అన్నారు.

"మా వారు కారు దగ్గరున్నారు, వస్తే అడుగుతారండీ," అన్నాను.

ఆయన నవ్వి, రంగు ఎలా నిలబడుతుందో చెప్పారు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన గుడ్డనే అద్దాలట. ఉడికించాక పారే నీళ్ళలోనే ఉతకాలట. "తొందరపడి నిలవ నీళ్ళలో ముంచితే గుడ్డ మసకేస్తుందమ్మా. కొన్నవాళ్ళు రంగు బాగాలేదంటారు. రంగుదేం తప్పుంది?" అన్నారు. ముప్పావు గంట అక్కడే గడిచిపోయింది. నెమళ్ళున్న దుప్పటి ఒకటి, పన్నెండు వందలకు తీసుకున్నాను. గుడివాడ కొట్లో ఇదే రెండు వేల పైమాట. మా వారు రాలేదు కాబట్టి బేరమూ ఆడలేదు.

బయటికొచ్చేసరికి మా వారు బానెట్ మూస్తున్నారు. చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుంటున్నారు. నేను తాళం తిప్పాను. ఎర్రదీపం వెలిగి, ఆరిపోయింది.

"ఏం చేశారు?"

"చూశాను. సర్దుకుంది," అన్నారు.

రోగి వైపు చూడగానే జబ్బు తగ్గించేవాళ్ళ గురించి మా కూడికల్లో విన్నాను. మా వారికీ ఆ వరం ఉందనుకున్నాను. ఫిజిక్స్ లెక్చరర్ని, అయినా ఇంకో ప్రశ్న వెయ్యాలనిపించలేదు.

బందరు

ఆ పూట బందరులో ఆగాం. బందరు వాళ్ళకు తొందరుండదు. గుడివాడలో హోటలెక్కడని అడిగితే చెయ్యి చూపించి వెళ్ళిపోతారు. ఇక్కడ, "ఎవరింటికొచ్చారండీ? ఎవరింటికీ కాకపోతే హోటలెందుకు, మా ఇంట్లో కాఫీ తాగండి," అంటారు. తోపుడుబండి దగ్గర అరటికాయ బజ్జీలు తిన్నాం. నల్లని హల్వా కూడా కొన్నాం. హల్వా కొట్టాయన చెయ్యి మీద రుచికని పెట్టిందే పావుకిలో ఉంటుంది. అది మింగేలోపు మరో ముక్క పెడతాడు. వద్దంటే ఆయన మొహం చిన్నబోతుంది.

శుక్రవారం పొద్దున మంగినపూడి వెళ్ళాం. కారు ఎందుకో బరువుగా నడుస్తోంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది.

"సముద్రపు గాలి ఎదురొస్తోంది," అన్నారు మా వారు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎదురే వచ్చింది. సముద్రం వెనక ఉన్నా.

బందరు సెంటర్లో బంకు దగ్గర ఆగి పెట్రోలు పోయించాం. పోసినాయనకు తెల్ల మీసాలు, అరవై దగ్గర ఉంటాయి. గొట్టం తిరిగి తగిలించి, వంగి ముందు చక్రం దగ్గర వాసన చూసి, చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఏదో కాలుతున్న వాసనొస్తోందండీ. చక్రం మీద చెయ్యి పెట్టలేకపోతున్నా. బ్రేకు పట్టేస్తున్నట్టుంది. ఎక్కడైనా ఒకసారి చూపించుకుని వెళ్ళండి అమ్మా," అన్నాడు.

"మీ పని పెట్రోలు పోయడం. అయిందిగా," అన్నారు మా వారు. ఆయన డబ్బు తీసుకుని తర్వాతి బండి వైపు వెళ్ళాడు. ఆ ఊరు వచ్చాక మాకు పనికొచ్చే మాట చెప్పిన మొదటి మనిషి ఆయనే. మేము ఆయన పేరు కూడా అడగకుండా బయలుదేరాం.

మోపిదేవి దాటాక

చల్లపల్లి దాకా బాగానే ఉంది. మోపిదేవి గుడి దగ్గర జనం. మొక్కులు తీర్చుకునేవాళ్ళు, పాల చెంబులు పట్టుకుని నడిచేవాళ్ళు. పది అడుగులకోసారి బ్రేకు తొక్కాల్సి వచ్చింది. తొక్కిన ప్రతిసారీ పెడల్ ఇంకాస్త మెత్తబడుతోంది. నానిన దూదిని నొక్కినట్టుంది కాలికి.

జనం దాటాక రోడ్డు ఖాళీ అయింది. కోతలయిన రోజులు కదా, పులిగడ్డ వైపు దారంతా ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంది. కాస్త వేగం పెంచానో లేదో, ఎడమ వైపు చేలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. రెండు మూడు వందలుంటాయి. వాటి మధ్యలో గెడ కర్ర పట్టుకుని కాపరి, భుజాన సంచి, మాకు వీపు చేసి నడుస్తున్నాడు.

బ్రేకు తొక్కాను. కాలు నేల దాకా వెళ్ళిపోయింది.

"బ్రేకు వెయ్యి! బ్రేకు వెయ్యి!" అన్నారు మా వారు.

"వేశానండీ!"

"గట్టిగా వెయ్యి!"

మళ్ళీ తొక్కాను. ఏమీ లేదు. కాపరి వెనక్కి తిరిగి చూశాడు. అతని మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అరవలేదు, పరిగెత్తలేదు. కర్రతో బాతుల్ని పక్కకు అదిలిస్తున్నాడు. తనకంటే ముందు వాటిని తప్పిస్తున్నాడు. హారన్ కొట్టాను. గేరు రెండుకు, ఒకటికి దించాను. ఇంజను అరిచింది. హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో లాగాను. చాలలేదు. కుడి పక్కన ధాన్యం రాశి కనిపించింది. స్టీరింగ్ అటు తిప్పేశాను.

కారు రాశిలోకి దిగబడి ఆగిపోయింది. అద్దమంతా ధాన్యం. బయట బాతులు అరుచుకుంటూ రోడ్డు దాటుతున్నాయి. మా వారు నా చెయ్యి పట్టుకుని ఉన్నారని అప్పుడు చూశాను.

రాశి తాలూకు రైతు సాంబశివరావు పరుగెత్తుకొచ్చాడు. ముందు మమ్మల్ని దింపి, చెట్టు నీడకు తీసుకెళ్ళి, మంచినీళ్ళు ఇచ్చాడు. దెబ్బలు లేవని చూసుకున్నాక కోపం తెచ్చుకున్నాడు.

"కొనేచోట తేమెక్కువుందని వెనక్కి పంపారండీ. మూడు రోజులుగా ఎండబెడుతున్నాను. ఇవాళ మళ్ళీ తీసుకెళ్దామని కుప్ప చేశాను. మీరొచ్చి ఆరబోశారు!"

మేము చీపురు, పార అడిగి తీసుకున్నాం. మా వారు ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి ధాన్యం ఊడ్చారు. బాతుల కాపరి తన మందను చేల్లో దింపి వచ్చి మాతోపాటు ఊడ్చాడు. గంట పట్టింది.

కారు చల్లారాక పెడల్ కొంచెం లేచింది. మా వారు చేత్తో నొక్కి చూసి, "బాగైంది, పద," అన్నారు.

"మాస్టారూ, మీరు కావాలంటే నడిచి వెళ్ళండి. ఆ కారు మాత్రం దానంతట అది వెళ్ళదు," అని సాంబశివరావు ట్రాక్టరుకు మోకు కట్టాడు. హ్యాండ్ బ్రేకు పట్టుకుని నేను, దారి చూపిస్తూ మా వారు, నడక వేగంతో అవనిగడ్డ చేరాం.

అవనిగడ్డ

సాంబశివరావు మమ్మల్ని నాంచారయ్య షెడ్డు ముందు దించాడు. షెడ్డంటే నాలుగు స్తంభాల మీద రేకులు. నాంచారయ్యకు యాభై ఏళ్ళుంటాయి, ఒక్కడే పనిచేస్తాడు. మనిషి నెమ్మది. బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ పోసే చిన్న డబ్బా మూత తిప్పాడు. మూత కిందుండే రబ్బరు ఉబ్బి, నూనెలో వేసిన పూరీలా పైకొచ్చేసింది. దాన్ని చూసి అతను నాలుక కొరుక్కున్నాడు.

పిచికారీతో కాస్త ద్రవం లాగి, గాజు సీసాలో పోసి ఎండలో పెట్టాడు. రెండు నిమిషాల్లో అది రెండు పొరలుగా విడిపోయింది. పైన తేనె రంగు, కింద నలుపు.

"పైన తేలుతున్నది ఇంజన్ ఆయిలండీ," అన్నాడు. "కిందది మీ బ్రేక్ ఆయిల్. ఇంజన్ ఆయిల్ తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఉబ్బితే బ్రేకు వదలదు, పట్టుకునే ఉంటుంది. చక్రం కాలిపోతుంది. ఆ వేడికి కిందున్న ఈ పాత సరుకు మరిగింది."

జేబులోంచి పెన్నులాంటిది తీసి నల్లటి పొరలో ముంచాడు. ఎర్రగా వెలిగింది.

"ధాన్యానికి తేమ చూసినట్టే దీనికీ చూస్తామండీ. ఇది సగం నీళ్ళలాగే ఉంది. నీళ్ళు మరిగితే ఆవిరి. పెడల్ నొక్కితే ఆవిరే నలుగుతుంది, బ్రేకు దాకా ఏమీ వెళ్ళదు. దీన్ని ఎప్పుడు మార్చారమ్మా?"

నేను సీసా వైపే చూస్తూ నిలబడ్డాను. ద్రవాలు, సాంద్రతలు, పొరలు, మరిగే ఉష్ణోగ్రత. అన్నీ నా సబ్జెక్టే. "మార్చలేదండీ," అన్నాను.

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

అతను ఆ పెన్ను తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమైనా అంటే బాగుండేది.

"సరే. మరి ఇంజన్ ఆయిల్ ఎవరు పోశారు?"

"బందరులో పెట్రోలు బంకువాడు," అన్నారు మా వారు. తడుముకోలేదు.

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. తప్పు మా ఇంటిది కాదు, బందరుది. ఆ తెల్ల మీసాలాయన బానెట్ తెరవనే లేదని నాకు తెలుసు. గుర్తుకు రానట్టు ఉండిపోయాను.

నాంచారయ్య మొహం ఎర్రబడింది. "ఏ బంకు? సెంటర్లోదేనా? ఆ ఓనరు నాకు తెలుసండీ, కార్ల పని చేసేవాళ్ళం అందరం ఒకరికొకరం తెలుసు. ఇలాంటివాణ్ణి అక్కడుంచితే రేపు ఇంకొకరిని చంపుతాడు. ఇప్పుడే ఫోన్ చేస్తాను," అని జేబులో చెయ్యి పెట్టాడు.

సరిగ్గా అప్పుడు మా పిన్ని ఆటో దిగింది. ధాన్యం ఊడ్చేటప్పుడే నేను ఆమెకు ఫోన్ చేశాను. చేతిలో నర్సుగా ఉన్నప్పటి సంచి. నాకూ, మా వారికీ మెడ, మోచేతులు, కళ్ళు అన్నీ చూసింది. తర్వాత సీసా చూసింది. నాంచారయ్య జరిగిందంతా చెప్పాడు. పిన్నికి అతను బాగా తెలుసు, అతని పిల్లలిద్దరూ పిన్ని చేతుల్లోనే పుట్టారు.

"ఫోన్ ఆపు నాంచారయ్యా," అంది. "అల్లుడుగారూ, ఆ బంకు మనిషి బానెట్ తెరిచాడా?"

మా వారు రేకుల వైపు చూశారు.

"సుశీలా, నువ్వు అక్కడే ఉన్నావుగా. తెరిచాడా?"

ఒక మనిషి ఉద్యోగం పోతుందని అప్పటికి తలకెక్కింది నాకు. చక్రం దగ్గర వంగి, వాసన చూసి, జాగ్రత్త చెప్పిన మనిషిది. "తెరవలేదు పిన్నీ," అన్నాను.

మా వారు ముప్పై ఏళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఎవరు చేశారో చెప్తే కొట్టను అన్న మనిషి. అటువైపు నిలబడటం ఇదే మొదటిసారి.

"పెడనలో నేనే పోశాను," అన్నారు చివరికి. "డిక్కీలో సగం డబ్బా ఉంటే. బ్రేక్ ఆయిల్ అంటారు కదా. ఆయిలే అనుకున్నాను."

"ఆముదం కూడా ఆయిలే అల్లుడుగారూ. అందరికీ పట్టిస్తామా?" అంది పిన్ని.

నాంచారయ్య ఫోన్ లోపల పెట్టేశాడు. "చెప్పారు, అది చాలు మాస్టారూ. ఇవాళ బంకులో ఒక్క చుక్క పడిందనుకుని ఉంటే, పైపైన కడిగి పై రబ్బర్లు మార్చి పంపేవాణ్ణి. నిన్నటి నుంచి తిరిగిందంటే నాలుగు చక్రాల దాకా పాకి ఉంటుంది. రబ్బర్లన్నీ మార్చాలి. మార్చకపోతే ఎల్లుండికి మళ్ళీ ఇదే. మాస్టరు పూర్తిగా పాడు."

మా వారు తలెత్తారు. "ఎవరు?"

"మాస్టర్ సిలిండరండీ," అన్నాడు నాంచారయ్య.

అదే రోజు సామాను బస్సులో వెయ్యమని బందరు కొట్టుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రికి ఆటోలో పిన్నింటికి వెళ్ళి పడుకున్నాం. ఆటోలో వెళ్ళాం కాబట్టి దాన్ని మా ప్రయాణంలో లెక్కవెయ్యడం లేదు.

మళ్ళీ అవనిగడ్డ

శనివారం ముగ్గురం షెడ్డుకు వెళ్ళేసరికి నాంచారయ్య నాలుగు చక్రాలూ ఊడదీశాడు. గొట్టాలు కడగడానికి స్పిరిట్ కావాలన్నాడు. పెట్రోలుతో కడగొద్దా అని మా వారు అడిగారు. "అదీ రబ్బరును తింటుందండీ," అన్నాడు. పిన్ని తన సంచిలోంచి స్పిరిట్ సీసా తీసి ఇచ్చింది. అతను మాస్టర్ సిలిండరు, రబ్బర్లు అన్నీ కొత్తవి వేసి, డబ్బాలో కొత్త బ్రేక్ ఆయిల్ పోశాడు. లేత పసుపు, కొబ్బరినీళ్ళంత తేట. ఇన్నేళ్ళలో ఆ రంగు నేను చూడటం అదే మొదలు.

"ఇంక బ్లీడింగ్ ఒక్కటే," అన్నాడు.

"బ్లీడింగా? ఎవరికి?" పిన్ని లేచింది.

"బండికమ్మా. గొట్టాల్లో గాలి బుడగలుంటాయి. తీసెయ్యాలి."

"సెలైన్ గొట్టంలో తీసినట్టేగా. అలా చెప్పు," అని ఆమె కుర్చీ చక్రం దగ్గరికి లాక్కుంది. పాస్కల్ సూత్రం తెలిసిన నాకంటే ఆమెకు ముందు అర్థమైంది.

ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కాలి, ఒకరు కింద నుంచి చక్రం దగ్గరున్న చిన్న మర వదలాలి. "ఇంజన్ ఆయిల్ పోసినాయనే నొక్కాలి," అని పిన్ని తీర్పిచ్చింది. పందొమ్మిదేళ్ళలో మా వారు మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చున్నారు.

అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టారు. నాంచారయ్య మరకు సన్నని గొట్టం తగిలించి, రెండో కొనను సీసాలో ముంచాడు.

"నొక్కండి మాస్టారూ. పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలొద్దు."

మర వదలగానే గొట్టంలో నల్లటి చుక్కలు, వాటి వెనక బుడగలు.

"ఇంతకీ ఈ పద్ధతి ఎందుకంటే..." అంటూ మా వారు వివరించబోయి కాలు తీసేశారు. వచ్చిన గాలంతా గుటుక్కున లోపలికి పోయింది.

"వదలొద్దన్నాడా లేదా?" అంది పిన్ని. "మళ్ళీ మొదటి నుంచీ. నొక్కండి. మాట్లాడకండి."

ఆ తర్వాత గంటన్నర మా వారు ఒక్క మాట మాట్లాడలేదు. నొక్కండి అంటే నొక్కారు, పట్టుకోండి అంటే పట్టుకున్నారు. మా పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఇలాంటి గంటన్నర నేనెప్పుడూ చూడలేదు. నేను ముందు బానెట్ దగ్గర నిలబడి డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తున్నాను. అది ఖాళీ అయితే మళ్ళీ గాలి దూరుతుంది. ఒక చుక్క కారు రంగు మీద పడింది. నాంచారయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి గబగబా కడిగాడు. ఇది రంగును కూడా తినేస్తుందట. మేము వారంవారం కడిగి కాపాడుకున్న రంగు.

చివరి చక్రం దగ్గర తేట ఆయిలు, ఒక్క బుడగ లేకుండా వచ్చింది. "పోయింది గాలి," అంది పిన్ని, రోగి కళ్ళు తెరిచినంత సంతోషంగా. నాంచారయ్య పాత నలుపంతా డబ్బాకెత్తి పక్కన పెట్టాడు. కాలవలో పొయ్యడట.

"రెండేళ్ళకోసారి మార్చండమ్మా. మన సముద్రపు గాలికి ఏడాదిన్నరకే మార్చినా తప్పులేదు," అన్నాడు నాతో. మా వారితో, "మీరు మూత తియ్యకండి మాస్టారూ," అన్నాడు.

హంసలదీవి

సాయంత్రం నాలుగింటికి పిన్నిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కోడూరు మీదుగా వెళ్ళాం. మా వారు వెనక కూర్చున్నారు. బ్రేకు ముట్టుకుంటే చాలు, కారు ఆగుతోంది. గేదెలు అడ్డొచ్చినప్పుడల్లా కావాలని ఒకసారి తొక్కి చూసుకున్నాను. ఇన్నేళ్ళు నేను నడిపిన కారు ఇలా ఆగగలదని నాకు తెలియదు.

నది సముద్రంలో కలిసేచోట నీళ్ళు రెండు రంగుల్లో ఉన్నాయి. ఇసుకలో చాలా దూరం నడవాలి. పిన్ని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. ఒడ్డున వలలు సర్దుకుంటున్నామె మా వెంట వచ్చి, పిన్నిని గుర్తుపట్టి, నడుం నొప్పి చెప్పుకుని, రెండు గుప్పిళ్ళ ఎండు మెత్తళ్ళ చేపలు ఇచ్చి వెళ్ళింది.

మా వారు చాలాసేపు నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. "సుశీలా, తిరిగి వెళ్ళేటప్పుడు బందరులో ఆ బంకు దగ్గర ఆగుదాం," అన్నారు.

"పెట్రోలు ఉందండీ."

"పెట్రోలుకు కాదు."

నేను సరేనన్నాను.

నాగాయలంక

ఆదివారం కూడికలో పిన్ని గురించి అందరూ మాట్లాడాక, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాస్టరు గారు అడిగారు. ఆయన్ని ఇక్కడ అందరూ అయ్యగారంటారు. చిన్న వయసు, మెత్తని మనిషి. మా వారు లేచారు. మా సంఘంలో ఆయన సాక్ష్యం చెబితే వర్షాలు ఆగిన సందర్భాలున్నాయి.

"మొన్న శుక్రవారం మృత్యువు నోటి దాకా వెళ్ళాం," అని మొదలుపెట్టారు, గొంతు బాగా పెంచి. "శత్రువైన సాతాను మా కారు బ్రేకుల మీద చెయ్యి వేశాడు!"

ఆడవాళ్ళ వైపు నుంచి పిన్ని దగ్గింది. జలుబు దగ్గు కాదు.

మా వారు ఆగారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఆ చెయ్యి నాదే," అన్నారు మామూలు గొంతుతో. "తెలియకుండా నూనె పోశాను."

"స్తోత్రం!" అంది ముందు వరసలో ఒక పెద్దావిడ. అభిషేకపు నూనె అనుకుంది పాపం.

"ఇంజన్ ఆయిలమ్మా," అని మా వారు సవరించి, పెడన దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పారు. బంకులో మనిషి మీద నెట్టింది కూడా దాచలేదు. రెండు పొరల సీసా గురించి, ఆయిల్ నల్లబడితే ఏమవుతుందో, పెడల్ మెత్తబడితే దాని అర్థమేమిటో చెప్పారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి కదా, చర్చి చివరి వరసకు కూడా అర్థమైంది. మధ్యలో నేను లేచి, ఎప్పుడూ మార్చనిది నేనని చెప్పి కూర్చున్నాను.

కూడికయ్యాక భోజనాలు వడ్డించారు. చాలామంది మగవాళ్ళు ఆకుల ముందు లేరు. చర్చి ఆవరణలో ఉన్న ఏడెనిమిది కార్లకూ బానెట్లు లేచి ఉన్నాయి. ఒక్కో డబ్బా దగ్గర నలుగురైదుగురు వంగి చూస్తున్నారు. "కాఫీ రంగండీ." "నాది డికాక్షనే." "ఇది నలుపా, నీడా?" పిన్ని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కారు కారుకూ తిరుగుతూ, వార్డులో చూసినట్టు ఒక్కొక్కటీ చూస్తోంది.

చివర చింతచెట్టు కింద అయ్యగారి వ్యాను ఉంది. ఆదివారం బడి పిల్లల్ని ఊళ్ళ నుంచి తెచ్చి దింపేది అదే. భోజనాలయిన పిల్లలు పదిహేను మంది అప్పటికే ఎక్కి కూర్చుని పాట పాడుతున్నారు. అయ్యగారు తనే బానెట్ ఎత్తి, మూత తిప్పి, లోపలికి చూశారు. మా వారు, నేను, పిన్ని కూడా చూశాం. తారులా ఉంది.

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

పక్కనున్న సంఘ పెద్ద చేతులు జోడించి, "ప్రార్థన చేద్దామా అయ్యగారూ?" అన్నాడు.

"చేద్దామండీ," అన్నారు ఆయన కళ్ళు తెరిచి. "ముందు పిల్లల్ని దింపి, ఆటోలు పిలవండి."